లాంచీ కడుపులోంచి ఇంజన్‌ను బయటికి తీయడం ఎలా?



మన దామరచర్ల మండలంలోని వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. అక్కడికి వెళ్లి ఒక్కసారైనా మునక వేయని వాళ్లు మనలో తక్కువ. కాబట్టి పుట్టి, నాటు పడవ మనకు కొత్త కాదు. విహారయాత్రకు నాగార్జునసాగర్ వెళ్లినవాళ్లు నాగార్జునకొండ దీవికి లాంచీ కూడా ఎక్కి ఉంటారు. లాంచీలో కూర్చున్నంతసేపూ కాళ్ల కింద పలకలు గడగడ వణుకుతాయి. డీజిల్ వాసన వస్తుంది. కానీ ఎంత వెతికినా ఇంజన్ కనిపించదు. అది మన కాళ్ల కిందే, పడవ కడుపులో ఉంటుంది.

ఆ ఇంజన్‌కు పెద్ద పని పడితే ఏం చేస్తారు? లారీ అయితే మిర్యాలగూడలో ఏదో ఒక షెడ్డుకు తోలుకుపోతారు. పొలం దగ్గర ఆయిల్ ఇంజన్ అయితే నాలుగు బోల్టులు విప్పి ఎడ్లబండి మీదో, ట్రాక్టరు మీదో వేసుకొస్తారు. మరి నీళ్ల మీద ఊగే పడవలో, పలకల కింద, అర టన్ను పైన బరువున్న ఇనుప ముద్దను ఎవరు తీస్తారు? ఎలా తీస్తారు? తీసిన తరువాత మళ్లీ ఎలా కూర్చోబెడతారు? ఈ వ్యాసంలో చెప్పబోయేది అదే.

ముందు రెండు మాటలు తెలుసుకోవాలి. పడవ వెనుక అంచుకు బయట తగిలించే చిన్న ఇంజన్‌ను అవుట్‌బోర్డు అంటారు. ఇద్దరు పట్టుకుని ఎత్తి ఒడ్డున పెట్టేయవచ్చు. పడవ లోపల, అడుగున బిగించే ఇంజన్‌ను ఇన్‌బోర్డు అంటారు. దాని నుంచి ఒక పొడవాటి షాఫ్టు పడవ అడుగును చీల్చుకుని వెనక్కి వెళ్లి నీళ్లలో పంకాను తిప్పుతుంది. సాగర్ లాంచీలు, పాపికొండలకు వెళ్లే బోట్లు, విశాఖపట్నం, కాకినాడ, నిజాంపట్నం రేవుల్లో చేపల వేటకు వెళ్లే పెద్ద మరపడవలు ఇన్‌బోర్డువే. డబ్బున్నవాళ్లు షికారుకు ఉంచుకునే క్యాబిన్ క్రూయిజర్ అనే రకం కూడా ఒకటి ఉంది. దానిలో పడకగది, వంటగది ఉంటాయి. హాలు నేల కింద పక్కపక్కనే రెండు ఇంజన్లు ఉంటాయి. చూడటానికి ఎంత అందమో, మెకానిక్కుకు అంత తలనొప్పి.

లారీకి, లాంచీకి తేడా

నిజానికి లోపలి ఇంజన్‌లో పెద్ద వింత ఏమీ లేదు. అశోక్ లేలాండ్, కిర్లోస్కర్ వంటి సంస్థలు పడవలకని తయారుచేసే డీజిల్ ఇంజన్లలో కూడా లారీలో, జనరేటర్‌లో ఉండే పిస్టన్, లైనర్, క్రాంకు, నాజిలే ఉంటాయి. తేడా చల్లబరిచే పద్ధతిలో ఉంది. లారీకి రేడియేటర్, గాలి. పడవకు అడుగునుంచి ఒక గొట్టం ద్వారా లోపలికి లాక్కునే నీళ్లు. అంటే పడవ అడుగున కావాలనే ఒక రంధ్రం పెడతారన్న మాట! షాఫ్టు బయటికి వెళ్లే చోట ఇంకో రంధ్రం. ఈ రెండు రంధ్రాలను గుర్తుపెట్టుకోండి. ముందు ముందు కథ అంతా వీటి చుట్టే తిరుగుతుంది.

ఇంకో తేడా చోటు. లారీ కిందికి దూరి మెకానిక్కు చాంబరు విప్పుతాడు. వెల్లకిలా పడుకుని కనెక్టింగ్ రాడ్డు బేరింగులు చూస్తాడు. పడవలో ఇంజన్ చాంబరుకూ, పడవ అడుగుకూ మధ్య జానెడు సందు ఉంటే గొప్ప. ఆ సందులో మురికి నీళ్లు, చిందిన నూనె నిలిచి ఉంటాయి. చెయ్యి దూరదు. చాంబరు కింద ఉండే ఆయిలు బిరడా కూడా అందదు కనుక ఆయిలు మార్చాలంటే గేజి కడ్డీ పెట్టే గొట్టంలోంచి చిన్న చేతిపంపుతో పైకి లాగుతారు. అందువల్ల ఆయిలు, ఫిల్టరు, బెల్టు, నాజిళ్లు, నీళ్ల పంపు వంటివి ఉన్నచోటే చేస్తారు. చోటుంటే హెడ్డు కూడా విప్పుతారు. క్రాంకు బేరింగుల దాకా పని వచ్చిందంటే మాత్రం ఇంజన్ బయటికి రావలసిందే.

ఆ పని వచ్చిందని ఎలా తెలుస్తుంది? ఇంజన్ వేడెక్కాక ఆయిలు ప్రెషర్ ముల్లు రోజురోజుకూ కిందికి దిగుతుంటే బేరింగులు అరిగాయని అనుమానం. నీలం పొగ వస్తుంటే ఆయిలు లోపల మండుతోంది, రింగులు పోయాయి. గేజి కడ్డీకి అంటిన ఆయిలు పాలుపోసిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. ఇక నల్లపొగ సంగతి. నల్లపొగ చూడగానే ఇంజన్ దించేద్దామనే వాళ్లున్నారు. అది తొందరపాటు. పంకాకు వలతాడో, గుర్రపుడెక్కో చుట్టుకున్నా ఇంజన్‌కు భారం పెరిగి నల్లపొగ వస్తుంది. ముందు నీళ్లలో మునిగి పంకాను తడిమి చూస్తే ఖర్చు లేకుండా తేలిపోవచ్చు.

వాయిదా వేస్తే ఏమవుతుంది?

ఇంజన్ దించాలంటే క్రేనో, పది మంది మనుషులో కావాలి. పడవ చాలా రోజులు రేవులోనే కట్టి ఉండాలి. ఆ రోజులకు రాబడి ఉండదు. అందుకని చాలామంది "ఈ సీజన్ గడవనీ" అంటారు. పొలం దగ్గర ఆయిల్ ఇంజన్ ఆగితే ఒక తడి ఎండుతుంది. రోడ్డు మీద లారీ ఆగితే పక్కకు నెడతారు. ఏటి మధ్య లాంచీ ఇంజన్ ఆగితే?

ఇక్కడ ఒక చిన్న భౌతికశాస్త్రం. చుక్కాని పనిచేయాలంటే దాన్ని రాసుకుంటూ నీళ్లు పోవాలి. ఇంజన్ ఆగిన పడవ కాసేపటికి ప్రవాహంతో సమానమైన వేగంతో కొట్టుకుపోతుంది. పడవా, నీళ్లూ కలిసి కదులుతున్నప్పుడు చుక్కానిని రాసుకుని పోయే నీళ్లే ఉండవు. అప్పుడు సరంగు చుక్కాని ఎటు తిప్పినా పడవ తిరగదు. అడ్డం తిరిగిన పడవను ప్రవాహం బండరాళ్ల మీదికో, వంతెన స్తంభాల మీదికో తోస్తుంది. 2019 సెప్టెంబర్ 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన బోటును పైకి తీయడానికి నెల రోజులు దాటింది. ఆ ప్రమాదాన్ని ఇంజన్ మీదికి నెట్టడం నా ఉద్దేశం కాదు. పెద్ద నదిలో ఒకసారి పట్టు తప్పితే మళ్లీ చేతికి రావడం ఎంత కష్టమో చెప్పడానికే గుర్తుచేస్తున్నాను.

చట్టం కూడా ఉంది. 1917 నాటి పాత చట్టం స్థానంలో 2021లో అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చింది. దాని ప్రకారం నదుల్లో, జలాశయాల్లో యంత్రంతో నడిచే పడవకు సర్వే జరగాలి, ధ్రువపత్రం ఉండాలి. అయితే సర్వే చేసే అధికారి క్రాంకు బేరింగును కళ్లతో చూడలేడు కదా. అది ఇంజన్ విప్పినవాడికే తెలుస్తుంది.

సముద్రం మీద చేపల వేట చేసేవాళ్లకు ఈ విషయంలో ఒక వెసులుబాటు ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నిషేధం పెట్టారు. ఎలాగూ పడవ ఆగి ఉంటుంది కనుక ఇంజన్ పనికీ, చెక్క పనికీ, రంగులకూ అదే అదను. గోదావరి మీద కూడా వరద కాలంలో విహారయాత్రలు ఆపుతారు. పని తెలిసిన యజమాని ఆ రోజులను వృథా పోనివ్వడు.

దారి ఉందా?

ఇంజన్ దించే మెకానిక్కు మొదట తీయవలసింది పానా కాదు, కొలత టేపు. ఇంజన్ పొడవు, వెడల్పు, ఎత్తు ఎంత? పైన ఉన్న మూత ఎంత? మంచి పడవ కట్టేవాళ్లు ఇంజన్‌కు నేరుగా పైన, ఇంజన్ కన్నా పెద్దదైన పలకను బోల్టులతో బిగించి ఉంచుతారు. ఆ బోల్టులు విప్పితే దారి తెరుచుకుంటుంది. కొన్ని పడవల్లో ముందు ఇంజన్ కూర్చోబెట్టి, తరువాత పైన అంతస్తు కట్టేస్తారు. కుండలో పెట్టి పెంచిన గుమ్మడికాయ సామెతగా ఉంటుంది అప్పుడు! అటువంటప్పుడు పైకప్పు కోయాలి. లేదా ఇంజన్‌ను ముక్కలుగా విప్పాలి. గేరుబాక్సు వేరు, ఆల్టర్నేటర్ వేరు, పొగ గొట్టం వేరు చేస్తే వెడల్పు కొంత తగ్గుతుంది.

క్యాబిన్ క్రూయిజర్‌లో జరిగేది ఇదే. హాలు నేల పలకలు తీస్తారు. ఇంజన్‌ను పైకెత్తి, కింద గట్టి దూలాలు వేసి, వాటి మీద మెల్లగా జరుపుతూ గది తలుపు దాటించి వెనుక వరండాలోకి తెస్తారు. అక్కడినుంచి ఒడ్డున ఉన్న క్రేన్ అందుకుంటుంది. తలుపు ద్వారం రెండంగుళాలు తక్కువైతే ద్వారబంధమే ఊడబెరుకుతారు. రెండు ఇంజన్లలో ఒకటి తీయగానే పడవ రెండో వైపుకు ఒరుగుతుంది. అందుకని ఖాళీ అయిన వైపు ఇసుక బస్తాలు పేరుస్తారు.

విప్పే వరస

ఇంజన్‌కూ పడవకూ మధ్య ఎన్ని బంధాలున్నాయో అన్నీ తెంచాలి. బ్యాటరీ తీగల్లో ముందు నెగటివ్ విప్పుతారు. పానా పొరపాటున ఇనుముకు తగిలినా నిప్పురవ్వ రాకుండా ఉండటానికి. డీజిల్ ట్యాంకు వాల్వు కట్టేసి, గొట్టాలు విప్పి, మూతులకు శుభ్రమైన బిరడాలు పెడతారు. దుమ్ము పోతే నాజిళ్లు పాడవుతాయి. ప్రతి తీగకూ చీటీ కట్టాలి. "నాకు గుర్తుంటుందిలే" అనేవాడు బిగించేటప్పుడు తప్పకుండా తల గోక్కుంటాడు. ఆయిలు, నీళ్లు ముందే తోడేస్తే బరువు తగ్గుతుంది, పడవ కడుపులో ఒలకదు.

ఇప్పుడు మొదటి రంధ్రం. చల్లబరిచే నీళ్లు వచ్చే గొట్టాన్ని విప్పేముందు పడవ అడుగున ఉన్న వాల్వు కట్టేయాలి. కట్టేశామనుకుంటే చాలదు. వాల్వు తుప్పు పట్టి సగంలో ఆగి ఉండవచ్చు. గొట్టం క్లిప్పు కొంచెం వదులు చేసి, నీళ్లు వస్తున్నాయా అని చూసి, ఆగాయని తేలాకే పూర్తిగా లాగాలి. గట్టి చెక్క బిరడా ఒకటి చేతికి అందేంత దూరంలో ఉంచుకోవడం అనుభవజ్ఞుల అలవాటు.

రెండో రంధ్రం షాఫ్టుది. గేరుబాక్సు చివరన ఒక ప్లేటు, షాఫ్టు చివరన ఒక ప్లేటు ఉంటాయి. రెంటినీ బోల్టులతో కలుపుతారు. దీన్నే కప్లింగ్ అంటారు. విప్పేముందు రెండు ప్లేట్ల మీదా ఎదురెదురుగా సుత్తి, పంచితో గుర్తు కొట్టుకోవాలి. మళ్లీ అదే చోట కలపాలి కనుక. బోల్టులు విప్పాక షాఫ్టును ఆపేది ఏమీ ఉండదు. వెనక పంకా ఉంది, కింద ప్రవాహం ఉంది. షాఫ్టు జారి వెనక్కి పోయిందంటే అది ఉన్న గొట్టం ఖాళీ అవుతుంది, నది లోపలికి వస్తుంది. అందుకే కప్లింగ్ విప్పేముందు షాఫ్టుకు ఒక గట్టి క్లాంపు బిగించి వెనక్కి జారకుండా చేస్తారు. చూడటానికి ఇంతే పని. ఒడ్డుకు కట్టిన పడవ తెల్లారేసరికి మునిగి కనిపించకుండా కాపాడేది ఈ క్లాంపే.

చివరికి ఇంజన్ కాళ్ల బోల్టులు. కాళ్ల కింద పలుచని రేకు ముక్కలు ఉంటాయి. వాటిని షిమ్ములు అంటారు. ఏ కాలి కింద ఎన్ని ఉన్నాయో రాసుకుని, వేరువేరు పొట్లాలు కట్టుకోవాలి.

ఎత్తడం

మీ ఊళ్లో బోరు మోటారు పైకి తీయడం చూసే ఉంటారు. మూడు ఇనుప కాళ్లు నిలబెట్టి, పైన చైన్ కప్పీ తగిలించి, గొలుసు లాగుతుంటే పైపులు ఒక్కొక్కటే పైకి వస్తాయి. క్రేన్ రాలేని రేవుల్లో లాంచీ ఇంజన్‌ను కూడా ఇలాగే ఎత్తవచ్చు. ఒక టన్ను ఎత్తే కప్పీని ఒక్క మనిషి లాగగలడు. ఎందుకంటే ఇంజన్ ఒక మీటరు లేవడానికి అతను ముప్ఫై, నలభై మీటర్ల గొలుసు లాగుతాడు. బలం తగ్గింది, దూరం పెరిగింది. పని అంటే బలం, దూరాల లబ్ధం అని సైన్సు పుస్తకంలో చదివారు కదా, అదే ఇది.

ఇంజన్‌కు ఎత్తడానికని కంపెనీవాళ్లే కొక్కేలు ఇస్తారు. వాటికే గొలుసు తగిలించాలి. దొరికిన బోల్టుకల్లా తాడు కడితే బోల్టు తెగుతుంది. గేరుబాక్సు ఉంటే వెనుక వైపు బరువెక్కువ కనుక గొలుసును ఆ మేరకు సర్దుకోవాలి. మొదట ఒక అంగుళం ఎత్తి ఆగాలి. చుట్టూ తిరిగి చూడాలి. మరిచిపోయిన తీగో, గొట్టమో ఒకటి తప్పకుండా కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం. ఇంజన్ దూలాల మీద కూర్చున్నంతసేపు దాని బరువు పడవ అడుగున పనిచేస్తుంది, పడవను నిలకడగా ఉంచుతుంది. పడవ మీదే నిలబెట్టిన ముక్కాలికి అది వేలాడిన మరుక్షణం, ఇంజన్ ఒక్క అంగుళమే లేచినా సరే, దాని బరువు మొత్తం ముక్కాలి కొన మీద ఉన్నట్టే లెక్క. వేలాడే వస్తువు పడవ ఎటు ఒరిగితే అటు ఊగుతుంది కనుక. అడుగున ఉన్న అర టన్ను ఒక్కసారి మన తలల పైకి వెళ్లిందన్న మాట. ఆ సమయంలో నలుగురు తమాషా చూడటానికి ఒక పక్కకు చేరితే పడవ ఒరుగుతుంది, ఇంజన్ అటే ఊగుతుంది, ఒరుగుడు ఇంకా పెరుగుతుంది. లాంచీ పై అంతస్తులో జనం అందరూ ఒకే వైపు నిలబడవద్దని సరంగు ఎందుకు అరుస్తాడో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు. అందుకే చేతనైతే పడవను గట్టు మీదికి లాగి, లేదా గట్టు మీద నిలబడిన క్రేన్‌తో ఎత్తడమే మేలని నా అభిప్రాయం.

క్రేన్‌తో ఎత్తినా ఒక సంగతి మరవకూడదు. 600 కిలోల ఇంజన్ లేచిపోతే పడవ 600 లీటర్ల నీళ్లను తక్కువ తొలగిస్తుంది. అంటే పైకి తేలుతుంది. ఆర్కిమెడిస్ సూత్రమే. కట్టుతాళ్లు బిగుతుగా ఉంటే పడవ గుంజుకుని ఒరుగుతుంది కనుక ముందే కొంచెం వదులు ఇస్తారు.

ఒడ్డుకు చేరిన తరువాత పని లారీ ఇంజన్ పనిలాంటిదే. మన మెకానిక్కులు "ఓవరాయిలింగ్" అనే ఆ పని గురించి వేరే చెప్పనవసరం లేదు. లైనర్లు, రింగులు, బేరింగులు మార్చడం ఏ పట్టణంలోనైనా జరుగుతుంది. అయితే ఇంజన్ లేని ఖాళీ గుంతను అలాగే వదిలేయకూడదు. ఇంజన్ మోసే దూలాలు నూనె, నీళ్లు తాగి పుచ్చిపోయాయేమో పొడిచి చూడటానికి మళ్లీ అంత మంచి అవకాశం రాదు. ఏళ్ల తరబడి చెయ్యి దూరని వాల్వులు, గొట్టాలు అప్పుడే మార్చుకోవాలి.

మళ్లీ కూర్చోబెట్టడం

తీయడం బలంతో అయ్యే పని. కూర్చోబెట్టడానికి ఓపిక కావాలి. ఇంజన్‌ను దించి బోల్టులు బిగించేస్తే అయిపోలేదు. గేరుబాక్సు ప్లేటూ, షాఫ్టు ప్లేటూ ఒకే గీత మీద ఉండాలి. రెంటినీ దగ్గరకు తెచ్చి, బోల్టులు వేయకుండా, మధ్య సందులో ఫీలర్ గేజి రేకులు దూర్చి పైన, కింద, కుడి, ఎడమ నాలుగు వైపులా కొలుస్తారు. ప్లేటు వెడల్పు 5 అంగుళాలైతే ఆ కొలతల మధ్య తేడా అంగుళంలో వెయ్యోవంతులు ఐదుకు మించకూడదు. అంటే మిల్లీమీటరులో ఎనిమిదోవంతు. మీ నోటుబుక్కు కాగితం మందం కన్నా కొంచెం ఎక్కువ, అంతే! అర టన్ను ఇనుమును కాగితమంత తేడాలో నిలబెట్టాలి. కింద తేడా ఉంటే ముందు కాళ్ల షిమ్ము ఒకటి తీస్తారు, లేదా వేస్తారు. మళ్లీ కొలుస్తారు. ఒక పూట దీనికే పోతుంది. ఆ పూట మిగుల్చుకున్నవాడి పడవలో షాఫ్టు కొట్టుకుంటుంది, బేరింగు అరుగుతుంది, గేరుబాక్సు ఆయిలు సీలు పోతుంది, కొత్తగా చేయించిన ఇంజన్ పాతదానిలా వణుకుతుంది.

ఇంకో తిరకాసు. గట్టు మీద దిమ్మల మీద నిలబెట్టిన పడవ ఆకారం వేరు, నీళ్లలో తేలే పడవ ఆకారం వేరు. చెక్క పడవ మరీ వంగుతుంది. అందుకని గట్టు మీద చూసుకున్న వరస లెక్కలోకి రాదు. నీళ్లలోకి దించి, ఒకటి రెండు రోజులు తేలనిచ్చి, మళ్లీ కప్లింగ్ విప్పి కొలవాలి.

ఇటువంటి పని నేర్చుకోవాలనుకునే వాళ్లకు పదో తరగతి తరువాత ఐటిఐలో డీజిల్ మెకానిక్ ట్రేడు ఉంది. కేంద్ర ప్రభుత్వ మత్స్య శిక్షణ సంస్థ సిఫ్‌నెట్‌కు విశాఖపట్నంలో శాఖ ఉంది. అక్కడ మెరైన్ ఫిట్టర్, వెస్సెల్ నావిగేటర్ అనే కోర్సులున్నాయి. వాటికి కూడా పదో తరగతే అర్హత, లెక్కలు, సైన్సులో మార్కులు చూస్తారు. మన వైపు పిల్లలకు ఈ సంస్థ పేరు అంతగా తెలియదు కనుక రాస్తున్నాను.

ఇక చివరి పరీక్ష. పడవను రేవుకు కట్టి ఉంచే ఇంజన్ స్టార్ట్ చేస్తారు. ముందు చల్లబరిచే నీళ్లు బయటికి వస్తున్నాయా అని చూస్తారు. వాల్వు తెరవడం మరిచిపోతే కొద్ది నిమిషాల్లోనే కొత్త పిస్టన్లు పట్టేస్తాయి. ఆయిలు ప్రెషర్ చూస్తారు. గేరు వేసి, షాఫ్టు పడవ దాటే చోట చెయ్యి పెట్టకుండా లైటు వేసి చూస్తారు. పొలంలో నీళ్ల పంపుకు గ్లాండు తాడు ఉంటుంది చూడండి, ఇక్కడా అదే ఉంటుంది. పంపు గ్లాండు లాగే ఇది కూడా షాఫ్టు తిరిగేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు కారాలి. బొత్తిగా కారకపోతే మరీ బిగించారని అర్థం, షాఫ్టు కాలుతుంది. ధారగా కారితే వదులుగా ఉంది. ఆ చుక్కలు లెక్కపెట్టిన తరువాతే సరంగు కట్టుతాడు విప్పుతాడు.